నాన్న ఎప్పుడొస్తాడని అడిగితే...

అమ్మనో నాన్ననో పోగొట్టుకున్న పిల్లల గురించి పాఠకులు అడిగిన ప్రశ్నలకు పిల్లల మానసిక నిపుణుల సమాధానాలు.

ప్రశ్న: మావారు గుండెపోటుతో చనిపోయి నెలన్నర అయింది. మా బాబుకి ఐదేళ్లు. తట్టుకోలేడని ‘నాన్న ఊరెళ్లాడు’ అని చెప్పాం. రోజూ సాయంత్రం గుమ్మం దగ్గర కూర్చుంటున్నాడు. నాన్నకి ఫోన్ చెయ్యమని ఏడుస్తున్నాడు. ఇప్పుడు నిజం చెబితే ఇన్నాళ్లూ అబద్ధం ఆడామని తెలిసిపోతుంది. ఏం చెయ్యాలి?

జవాబు: చెప్పండి. వాయిదా వెయ్యకుండా ఈ వారంలోనే చెప్పండి. ఊరెళ్లిన మనిషి తిరిగొస్తాడని బాబుకి తెలుసు. రావట్లేదంటే ‘నాన్నకి నేనంటే ఇష్టం లేదేమో’ అనో, ‘నేనేదో తప్పు చేశానేమో’ అనో తనే కారణం వెతుక్కుంటాడు. ఈ వయసులో పిల్లలు చుట్టూ జరిగేదంతా తమ వల్లే జరుగుతోందనుకుంటారు. అందుకే ఆ రెండో అనుమానం తేలిగ్గా పాతుకుపోతుంది. పైగా ఇంట్లో దాచిన సంగతి బయట దాగదు. ఆటల్లో మరో పిల్లాడి నోట వినేకన్నా మీ ఒళ్లో కూర్చుని వినడం నయం.

పొద్దున గానీ మధ్యాహ్నం గానీ చెప్పండి. కడుపు నిండాక, ఇంట్లోనే, తనకి అలవాటైన చోట కూర్చోబెట్టుకోండి. పడుకునే ముందు మాత్రం వద్దు. ఆ రోజు మీరు బయటికి వెళ్లే పని పెట్టుకోకండి. మీకు గొంతు పెగలకపోతే మాట అందుకోవడానికి, బాబుకి బాగా చేరికైన పెద్దవాళ్లు ఒకరు పక్కనుంటే మంచిది. మాటలు ఇలా ఉండొచ్చు:

‘నీకు చాలా బాధ కలిగించే సంగతి ఒకటి చెప్పాలి. నాన్న ఊరెళ్లాడని చెప్పాను కదా, అది నిజం కాదు. ఎలా చెప్పాలో తెలియక అలా చెప్పాను. తప్పు నాదే. నాన్న చనిపోయాడు. నాన్న గుండె కొట్టుకోవడం ఆగిపోయింది. మళ్లీ కొట్టుకునేలా చెయ్యడం డాక్టర్ల వల్ల కూడా కాలేదు. చనిపోవడమంటే ఒళ్లు పనిచెయ్యడం పూర్తిగా ఆగిపోవడం. ఊపిరి ఉండదు, ఆకలి వెయ్యదు, నొప్పి తెలియదు. చనిపోయినవాళ్లు మళ్లీ రాలేరు.’

అంతవరకు చెప్పి ఆగండి. మౌనం భరించలేక పెద్దవాళ్లు మాట మీద మాట పేర్చుకుంటూ పోతారు. ఆ జోరులో అసలు సంగతి పిల్లవాడి చెవిన పడదు. బాబు ఏడవచ్చు. ‘సరే, ఆడుకోనా?’ అని లేచి వెళ్లిపోవచ్చు. రెండూ మామూలే. వెళ్తానంటే వెళ్లనివ్వండి, కనుచూపు మేరలో మీరుండండి.

‘చనిపోయాడు’ అన్న మాటే వాడమనడానికి కారణం ఉంది. ‘నిద్రపోయాడు’ అంటే పిల్లలు నిద్రకి భయపడతారు. ‘దేవుడు తీసుకెళ్లాడు’ అంటే రేపు అమ్మని కూడా తీసుకెళ్తాడేమోనని దేవుడంటేనే బెదురుతారు. ‘చుక్కయ్యాడు’ అంటే దిగి రమ్మని పిలుస్తారు. ‘జబ్బు చేసి పోయాడు’ అని ఊరుకుంటే మీకు జలుబు చేసినా వణికిపోతారు. చాలా పెద్ద జబ్బనీ, జలుబూ జ్వరం లాంటిది కాదనీ కలిపి చెప్పాలి. మీ నమ్మకం ప్రకారం చెప్పదలచుకున్నది ఏదైనా ఉంటే, ఒంటికి ఏం జరిగిందో అర్థమయ్యాక చెప్పండి. ముందు అదే చెబితే నాన్న ఇంకోచోట ఉన్నాడనీ, వెళ్తే కలవచ్చనీ అనుకుంటాడు.

పిల్లలు అడగకపోయినా మనసులో తిరిగే ప్రశ్నలు మూడుంటాయి. నా వల్లే జరిగిందా? నాకూ, అమ్మకీ ఇలాగే అవుతుందా? నన్నెవరు చూసుకుంటారు? వీటికి మీరే ముందుగా జవాబివ్వండి. ‘నువ్వు అల్లరి చేసినందుకో, కోపంలో ఏదో అన్నందుకో నాన్న చనిపోలేదు. మాటల వల్ల, ఆలోచనల వల్ల ఎవరూ చనిపోరు.’ ‘నేను ఆరోగ్యంగా ఉన్నాను, చాలాకాలం బతకాలనే ఉన్నాను.’ ఎప్పటికీ చనిపోనని మాత్రం మాటివ్వకండి. మీకు ఒంట్లో బాగోని రోజు తననెవరు చూసుకుంటారో ఇద్దరి పేర్లు చెప్పండి. అమ్మమ్మ, బాబాయి, ఎవరైనా సరే. ఆ ఇద్దరికీ సంగతి తెలిసుండాలి.

రేపు మళ్లీ ‘నాన్న ఎప్పుడొస్తాడు?’ అనే అడుగుతాడు. మీరు చెప్పింది అర్థం కాలేదని కంగారుపడకండి. చనిపోయినవాళ్లు తిరిగి రారు, వాళ్ల ఒళ్లు పనిచెయ్యదు, ఇది ప్రాణమున్న అందరికీ ఒకనాటికి జరిగేదే, దీనికి ఒంట్లోనే ఏదో కారణం ఉంటుంది. ఈ నాలుగూ చాలామంది పిల్లలకి 5–7 ఏళ్ల మధ్య మెల్లగా ఒంటబడతాయి. అంతవరకు అడిగినప్పుడల్లా అవే మాటలు, అంతే పొట్టిగా. ఆ మాటల్ని కాగితం మీద రాసి ఇంట్లో అందరికీ చూపించండి. అమ్మ ఒకటి, నాయనమ్మ ఒకటి చెబితే బాబు మళ్లీ గుమ్మం దగ్గరికే వెళ్తాడు.

ప్రశ్న: మా అక్క చనిపోయింది. రేపే అంత్యక్రియలు. అక్క కూతుర్ని, ఆరేళ్ల పాపని తీసుకెళ్లవచ్చా? చూస్తే జడుసుకుంటుందేమో అంటున్నారు.

జవాబు: పాపనే అడగండి. అడిగే ముందు అక్కడ ఏం కనిపిస్తుందో చెప్పాలి. అమ్మ కదలదు, కళ్లు తెరవదు, ముట్టుకుంటే చల్లగా ఉంటుంది, చాలామంది గట్టిగా ఏడుస్తారు, తర్వాత ఫలానాది జరుగుతుంది... అమ్మకి నొప్పి తెలియదన్నది తప్పకుండా చెప్పండి. పిల్లలు బెంబేలెత్తేది ఏం జరగబోతోందో తెలియకుండా తీసుకెళ్లినప్పుడు, ఇష్టం లేకుండా దగ్గరికి నెట్టినప్పుడు. వస్తానంటే, పాపని చూసుకోవడమొక్కటే పనిగా ఒక పెద్దమనిషిని అప్పగించండి. ఆ మనిషి సొంత దుఃఖంలో మునిగి ఉన్నవారు కాకూడదు. పాప వెళ్లిపోదామన్న క్షణంలో వెంటనే బయటికి తీసుకొచ్చేయగలగాలి. రానంటే బలవంతం వద్దు. ఒక బొమ్మ గీసిస్తానంటే దాన్ని అమ్మ దగ్గర పెట్టి, పెట్టామని వచ్చి చెప్పండి.

ప్రశ్న: ఆరు నెలల క్రితం మావారు పోయారు. పెద్దబ్బాయికి పన్నెండేళ్లు. ఒక్క చుక్క కన్నీరు పెట్టలేదు. చిన్నవాడికి అన్నం పెడతాడు, హోంవర్క్ చేయిస్తాడు, నన్ను ఏడవద్దంటాడు. అందరూ మెచ్చుకుంటున్నారు. చిన్నవాడికి ఎనిమిదేళ్లు. ఇప్పుడే ఏడుస్తాడు, ఐదు నిమిషాల్లో నవ్వుతూ ఆడుకుంటాడు. వాడికి బాధే లేదని బంధువులంటున్నారు. నిజమేనా?

జవాబు: ముందు చూడాల్సింది పెద్దవాడి సంగతి.

‘ఇక ఇంటికి నువ్వే పెద్దదిక్కు, అమ్మని నువ్వే చూసుకోవాలి.’ పరామర్శకి వచ్చినవాళ్లు తండ్రి పోయిన ప్రతి పెద్ద కొడుకుతోనూ ఈ మాట అంటారు. ప్రేమతోనే అంటారు. పన్నెండేళ్లవాడు దాన్ని అక్షరాలా తీసుకుంటాడు. తను ఏడిస్తే అమ్మ కుంగిపోతుందని ఏడుపు ఆపుకుంటాడు. ఆటలు మానేస్తాడు. అందరూ మెచ్చుకునే కొద్దీ ఆ పాత్రలోంచి బయటికి రాలేడు. ఇలాంటి పిల్లల్లో బాధ తలనొప్పిగా, కడుపునొప్పిగా, నిద్ర పట్టకపోవడంగా బయటపడుతుంది. కొందరిలో ఏడాది దాటాక చీటికీ మాటికీ కోపంగా మారుతుంది.

ఆ మాటని మీరే వెనక్కి తీసుకోవాలి. అతన్ని పక్కన కూర్చోబెట్టుకుని ‘ఇంటికి పెద్ద నేను. డబ్బు సంగతి, తమ్ముడి సంగతి నేను చూసుకుంటాను. నువ్వు నా కొడుకువి, అంతే’ అనండి. అని ఊరుకుంటే నమ్మడు, చేతల్లో కనిపించాలి. తమ్ముడి చదువు పని అతని చేతిలోంచి తీసుకోండి. వయసుకి తగ్గ చిన్న పని ఒకటి ఉంచండి. మానేసిన ఆటకి మళ్లీ పంపండి. ఇంటికి వచ్చేవాళ్లకి ఆ మాట అనవద్దని ముందే చెప్పండి. నోరుజారి అన్నా, అతని ముందే ‘లేదండీ, వాడింకా చిన్నవాడే’ అనండి.

మీరు పిల్లల ముందు ఏడవకూడదని కూడా లేదు. ‘నాన్న గుర్తొచ్చి ఏడుస్తున్నాను, కాసేపటికి సర్దుకుంటాను, నువ్వేం చెయ్యక్కర్లేదు’ అనండి. బాధ వస్తుంది, తగ్గుతుంది, దాన్ని దాచనక్కర్లేదు అని మిమ్మల్ని చూసే నేర్చుకుంటాడు. కానీ అప్పుల భయం, ఒంటరితనం లాంటివి పంచుకోవడానికి మీకో పెద్ద మనిషి కావాలి. అవి అతని చెవిన వెయ్యకండి.

చిన్నవాడు చేస్తున్నది ఆ వయసుకి సహజం. పిల్లలు దుఃఖంలో పూర్తిగా మునిగి ఉండలేరు. కాసేపు దిగుతారు, తట్టుకోలేననిపించగానే ఆటలోకి దూకేస్తారు. మార్గరెట్ స్ట్రోబ్, హెంక్ షుట్ అనే పరిశోధకులు 1999లో పెద్దవాళ్ల గురించి కూడా ఇదే చెప్పారు: మనిషి పోగొట్టుకున్నదాని వైపు కొంతసేపు, ముందున్న బతుకు వైపు కొంతసేపు ఊగుతూ కోలుకుంటాడని. పిల్లల్లో ఆ ఊగడం నిమిషాల్లోనే జరుగుతుంది. ఆటలో బొమ్మలకి ‘చావు’ వస్తే ఆపకండి, ఆట ద్వారానే వాళ్లు విషయాన్ని అరిగించుకుంటారు.

ప్రశ్న: నా భార్య నాలుగు నెలల క్రితం ప్రమాదంలో చనిపోయింది. మా ఏడేళ్ల పాప నన్ను బాత్‌రూమ్‌కి కూడా వెళ్లనివ్వట్లేదు. రాత్రి లేచి నా ముక్కు దగ్గర వేలు పెట్టి చూస్తోంది. మూడేళ్ల వయసులోనే మానేసిన పక్క తడపడం మళ్లీ మొదలైంది. జాలిపడి ఏది అడిగినా కాదనలేకపోతున్నాను.

జవాబు: పాప మీ ఊపిరి చూస్తోందంటే ఆ భయం ఎంత లోతుగా ఉందో అర్థమవుతోంది. చెప్పాపెట్టకుండా ఒకరు వెళ్లిపోయారు, రెండోవాళ్లు కూడా వెళ్తారేమోనని. దాన్ని తగ్గించేది ‘నాకేం కాదు’ అన్న మాట కన్నా మీ కచ్చితత్వం. ఎక్కడికి వెళ్తున్నారో, ఎన్నింటికి వస్తారో చెప్పి వెళ్లండి. పది నిమిషాలు ఆలస్యమయ్యేలా ఉన్నా ఫోన్ చెయ్యండి. దొంగచాటుగా జారుకోవద్దు. ఒక్కసారి అలా వెళ్తే వారాల కష్టం పోతుంది.

విడిచి ఉండడాన్ని మెట్లు మెట్లుగా అలవాటు చెయ్యండి. మొదట పక్క గదిలో 5 నిమిషాలు, మీ గొంతు వినబడుతూ. మూడు నాలుగు రోజులు సాఫీగా జరిగాక వినబడకుండా 10 నిమిషాలు. తర్వాత తెలిసినవాళ్ల దగ్గర వదిలి అరగంట, ఆపైన గంట. ఒక మెట్టు మీద ఏడ్చి పడిపోతే వెనకటి మెట్టుకి రండి, పూర్తిగా మానెయ్యకండి. రాత్రుళ్లు కొన్ని వారాలు మీ గదిలోనే పడుకోబెట్టండి, తప్పేం లేదు. పక్కనే తన పరుపు వేరుగా ఉంటే తర్వాత కొంచెం కొంచెంగా జరపడం తేలిక.

కనీసం ఆరు నెలలు పొడిగా ఉండి మళ్లీ పక్క తడపడం మొదలైతే, దుఃఖమే కారణమని తేల్చేసుకునే ముందు పిల్లల డాక్టర్‌కి చూపించండి. మూత్రంలో ఇన్‌ఫెక్షన్, మలబద్ధకం కూడా దీనికి కారణాలే. దాహం విపరీతంగా పెరిగి, బరువు తగ్గుతుంటే మధుమేహం అనుమానించాలి, ఆ రోజే చూపించాలి. అవేవీ లేకపోతే తిట్టకుండా, పదిమందిలో ప్రస్తావించకుండా ఉంటే చాలావరకు తగ్గుతుంది. పక్క మీద నీరు దిగని గుడ్డ, చేతికందేలా మార్చుకునే బట్టలు, రాత్రి చిన్న దీపం ఉంచండి. పగలు నీళ్లు తగ్గించకండి, పడుకునే ముందు ఒక గంట తగ్గిస్తే చాలు.

ఏదీ కాదనలేకపోతున్నానని రాశారు. అమ్మ ఉన్నప్పుడు ఏ నియమాలున్నాయో అవే ఉంచండి: పడుకునే వేళ, పళ్లు తోముకోవడం, టీవీ సమయం. నియమాలు సడలితే పిల్లలకి సంతోషం కన్నా కంగారు ఎక్కువ. నాన్న కూడా చేతులెత్తేశాడా అనిపిస్తుంది. అమెరికాలో పరిశోధకులు విలియం వర్డెన్, ఫిలిస్ సిల్వర్‌మన్ 6–17 ఏళ్ల పిల్లల్ని 125 మందిని, తల్లో తండ్రో చనిపోయాక రెండేళ్లపాటు గమనించారు. ఎక్కువమంది సర్దుకున్నారు. రెండేళ్ల తర్వాత కూడా తీవ్రంగా ఇబ్బంది పడుతున్నది సుమారు ఐదుగురిలో ఒకరు. పిల్లలు ఎలా కోలుకుంటారన్నది అన్నిటికన్నా ఎక్కువగా, మిగిలిన తల్లి లేదా తండ్రి రోజువారీ జీవితాన్ని ఎలా నడుపుతున్నారన్నదాని మీద ఆధారపడిందని తేలింది. అందుకే మీ నిద్ర, మీ తిండి కూడా పాప వైద్యంలో భాగమే. ఇర్విన్ శాండ్లర్ అనే పరిశోధకుడి బృందం, తల్లో తండ్రో పోయిన 156 కుటుంబాలతో చేసిన కార్యక్రమంలో తల్లిదండ్రులకి నేర్పినవాటిలో ఒకటి చాలా తేలికైంది: రోజూ కాసేపు ఆ బిడ్డ ఒక్కదానితోనే, బిడ్డ ఎంచుకున్న ఆట ఆడుతూ, సలహాలు, తప్పుపట్టడాలు లేకుండా గడపడం. రోజూ పావుగంటతో మొదలుపెట్టండి. ఆ పావుగంటలో ఫోన్ మరో గదిలో ఉండాలి.

ప్రశ్న: బాబు వచ్చే సోమవారం నుంచి బడికి వెళ్తాడు. టీచర్‌కి ఏం చెప్పాలి?

జవాబు: ఏం జరిగిందో, బాబుకి ఏ మాటల్లో చెప్పారో ఒక చీటీలో రాసివ్వండి. తోటి పిల్లలకి టీచర్ ముందే చెబితే బాబు ముప్పైసార్లు చెప్పుకోవాల్సిన బాధ తప్పుతుంది. చెప్పమంటావా అని ముందు బాబుని అడగండి. ‘మీ నాన్నకేమైంది?’ అంటే ఏమనాలో ఇంట్లోనే సాధన చేయించండి: ‘చనిపోయారు. ఇప్పుడు మాట్లాడాలని లేదు.’ ఏడుపొస్తే నోరు విప్పకుండా బయటికి వెళ్లేందుకు ఒక రంగు కార్డు, వెళ్లి కూర్చునేందుకు ఒక చోటు, ఒక మనిషి ఉండాలి. మొదటి వారం సగం పూట చాలు. ఏకాగ్రత కొన్ని నెలలు తగ్గే ఉంటుంది కాబట్టి హోంవర్క్ తగ్గించమనండి, పూర్తిగా తీసెయ్యమనకండి. నాన్నల గురించి వ్యాసం రాయించే రోజులుంటే ముందుగా మీకు తెలియజెయ్యమనండి.

ప్రశ్న: మా తమ్ముడు ఆత్మహత్య చేసుకున్నాడు. వాడి కూతురికి తొమ్మిదేళ్లు. గుండెపోటని చెప్పాం. నిజం చెప్పాలని మా మరదలు, ఎప్పటికీ చెప్పకూడదని మా అమ్మానాన్న. ఏది సరైంది?

జవాబు: మీ మరదలి మాట. తొమ్మిదేళ్ల పిల్ల గుసగుసల్ని, తను రాగానే ఆగిపోయే మాటల్ని ఈపాటికే గమనించి ఉంటుంది. పదిహేనేళ్లప్పుడు బయటివాళ్ల ద్వారా తెలిస్తే, నాన్న పోయిన బాధకి ఇంట్లో ఎవరినీ నమ్మలేననే బాధ తోడవుతుంది.

తల్లే చెప్పాలి, మొదటి జవాబులో రాసిన జాగ్రత్తలన్నీ ఇక్కడా ఉండాలి. ‘నాన్న గుండెపోటుతో చనిపోలేదు. నాన్న మనసులో భరించలేనంత బాధ ఉండేది. అది ఒక జబ్బు లాంటిది, ఆలోచనని మసకబారుస్తుంది, సాయం దొరుకుతుందన్న ఊహ కూడా రానివ్వదు. ఆ స్థితిలో నాన్న తన ప్రాణం తానే తీసుకున్నాడు. నీ వల్ల కాదు. నా వల్ల కూడా కాదు. నువ్వు ఇంకా మంచిగా ఉన్నా ఆగేది కాదు.’ ఆయనకి డిప్రెషన్ ఉందని డాక్టర్ చెప్పి ఉంటే ఆ పేరే వాడండి.

ఎలా జరిగిందో వర్ణించకండి. గుచ్చి అడిగితే ఒక్క వాక్యంలో చెప్పి ఆగండి. అప్పులనో, గొడవనో ఒకే కారణం చూపకండి. కష్టం వస్తే చావడమే దారన్న లెక్క పిల్ల మనసులో పడుతుంది. ‘ఇప్పుడు ప్రశాంతంగా ఉన్నాడు’ అనొద్దు, అదే కారణంగా. ‘నీకెప్పుడైనా అంత బాధ అనిపిస్తే వెంటనే చెప్పాల్సినవాళ్లు వీళ్లు’ అని ముగ్గురి పేర్లు చెప్పండి. బయటివాళ్లకి అన్నీ చెప్పనక్కర్లేదనీ, ఇంట్లో మాత్రం ఏదైనా అడగవచ్చనీ కూడా.

ప్రశ్న: అమ్మ క్యాన్సర్‌తో పోయాక మా చెల్లెలు (15 ఏళ్లు) గదిలోంచి రావట్లేదు. మార్కులు పడిపోయాయి. మాట్లాడితే అరుస్తోంది. మొన్న ‘నేను కూడా పోతే బాగుండు’ అంది.

జవాబు: చివరి మాటతో మొదలుపెడదాం. ఇవాళే, మీరిద్దరే ఉన్నప్పుడు సూటిగా అడగండి: ‘చచ్చిపోవాలనిపిస్తోందా? ఎలా అన్నది కూడా ఆలోచించావా?’ అడిగితే లేని ఆలోచన పుడుతుందన్నది అపోహ. ‘అమ్మని చూడాలనుంది, అంతే’ అంటే అది చాలామంది పిల్లలు అనే మాట, అయినా వారంలోపు నిపుణులకి చూపించండి. ఎలా, ఎప్పుడు అన్న ఆలోచన ఉంటే, లేదా చేతుల మీద కోతలు కనిపిస్తే, ఒక్క క్షణం ఒంటరిగా వదలకండి. అమ్మకి వాడగా మిగిలిన మందులతో సహా ఇంట్లోని మందులు, పురుగుమందుల్లాంటివన్నీ తన చేతికందని చోటికి తరలించి, ఆ రోజే మానసిక వైద్యుల దగ్గరికో ఆసుపత్రి అత్యవసర విభాగానికో తీసుకెళ్లండి.

ఆ ప్రమాదం లేదని తేలాక మిగతా సంగతి. ఈ వయసు పిల్లలు ఎదురుగా కూర్చోబెట్టి అడిగితే బిగుసుకుపోతారు. పక్కపక్కన నడుస్తున్నప్పుడు, బండి మీద వెళ్తున్నప్పుడు, ఏదో పని చేస్తున్నప్పుడు మాట పెగులుతుంది. మీరు ముందు మీ సంగతి చెప్పండి: ‘అమ్మతో చివరిసారి విసుక్కున్నాను, అదే గుర్తొస్తోంది.’ తనకీ అలాంటి మాటే లోపల ఉండి ఉండవచ్చు. ఆ క్యాన్సర్ నాకూ వస్తుందా అన్న భయం కూడా ఉంటుంది. కొన్ని రకాలే వంశంలో వస్తాయి. అమ్మకి వచ్చిందేంటో డాక్టర్‌నే అడిగి, తను కూడా వినేలా చెప్పించండి. వంట, ఇంటిపని అంతా ఆడపిల్ల కాబట్టి తన మీద పడకుండా చూడండి. స్నేహితుల దగ్గరికి వెళ్లనివ్వండి, ఇంటికి చేరే వేళ మాత్రం ఖాయంగా ఉండాలి.

ప్రశ్న: నాన్న వస్తువులు, ఫొటోలు తీసేస్తే పాప త్వరగా మర్చిపోతుందంటున్నారు.

జవాబు: తీసెయ్యకండి. మర్చిపోవడం కోలుకోవడం కాదు. మొదటి నెలల్లో ఏదీ పారెయ్యకండి, పంచెయ్యకండి. పాపని అడిగి, చెప్పుల పెట్టె అంత పెట్టెలో తనకి నచ్చినవి పెట్టండి: గడియారం, చేతిరాత ఉన్న కాగితం, ఒక ఫొటో. ఉతకని చొక్కా ఒకటి గాలి చొరని సంచిలో మూసిపెడితే వాసన కొంతకాలం నిలుస్తుంది. ఫోన్‌లోని గొంతు, వీడియోలు రెండు వేర్వేరు చోట్ల దాచాకే ఆ ఫోన్, ఆ నంబర్ సంగతి ఆలోచించండి. ఎప్పుడు తెరవాలో పాప ఇష్టం.

ప్రశ్న: ఎన్నాళ్లకి తగ్గుతుంది? డాక్టర్ అవసరమని ఎలా తెలుస్తుంది?

జవాబు: ఇన్నాళ్లని గీత గీయలేం. నాలుగేళ్లప్పుడు విన్నది ఏడేళ్లప్పుడు కొత్తగా అర్థమై మళ్లీ ఏడుస్తారు, పదకొండేళ్లప్పుడు ‘అప్పుడు నాన్నకి నొప్పి పుట్టిందా?’ అని వివరాలు అడుగుతారు. అది వెనకడుగు కాదు, పెరిగిన బుద్ధితో మళ్లీ చూసుకోవడం. చూడాల్సింది బాధ ఉందా లేదా అని కాదు, నెలలు గడిచేకొద్దీ తిండి, నిద్ర, బడి, ఆట మెల్లగానైనా తిరిగి వస్తున్నాయా అని.

2022లో సవరించిన అమెరికన్ మానసిక వైద్యుల నిర్ధారణ గ్రంథం ప్రకారం, పిల్లల్లో కనీసం ఆరు నెలలు దాటినా దాదాపు ప్రతిరోజూ తీవ్రమైన బెంగ ఉండి, రోజువారీ పనులు కుంటుపడితే ‘దీర్ఘకాలిక శోక రుగ్మత’ అనుమానించాలి. అయితే చావు మాటలు, తనను తాను గాయపరచుకోవడం, బరువు తగ్గిపోవడం, బడికి వెళ్లనని వారాల తరబడి మొండికెయ్యడం, మద్యం, ప్రమాదాన్ని కళ్లారా చూసిన పిల్లలకి ఆ దృశ్యమే పదే పదే కళ్లముందు తిరగడం... వీటికి ఆరు నెలలు ఆగనక్కర్లేదు. చూసిన దృశ్యం వెంటాడే పిల్లలకి సాధారణంగా 12 నుంచి 16 వారాలు, వారానికోసారి చేసే మాటల చికిత్స బాగా పనిచేస్తుంది. ఉత్త దుఃఖానికి నిద్రమాత్రలు అడగకండి. వెళ్లే ముందు రెండు వారాలు నిద్ర వేళలు, తిండి, ఎప్పుడెప్పుడు ఏడ్చిందీ ఒక పుస్తకంలో రాసి పట్టుకెళ్లండి. పిల్లలకి ‘మనుషులు చనిపోయినప్పుడు వచ్చే బాధ గురించి మాట్లాడే డాక్టర్’ అని చెప్పే తీసుకెళ్లండి, సూది ఉండదని కూడా.